మృగమేదో మొదట తెలియవలయును

ఊరి పొలిమేరలో లేగదూడ యొకటి మెడ కొఱుకబడి పడియున్నదని తెల్లవారుజామున వార్త పుట్టినచో, ప్రొద్దెక్కునప్పటికి అది పది గ్రామములకు ప్రాకును. ఒకరు పెద్దపులి యందురు. ఒకరు చిఱుత యందురు. మఱియొకరు తమ గట్టున చూచినది నక్కకంటె పెద్దదనియు, కుక్కకంటె వేఱైనదనియు చెప్పుదురు. సాయంకాలమునకు ఎవరి సెల్‌ఫోనునందో మసక ఛాయాచిత్రమొకటి వెలువడును. అంతటితో రాత్రివేళ చేలకు నీరు కట్టువారు దొరకరు. యువకులు కఱ్ఱలు పుచ్చుకొని పొదలు గాలింపసాగుదురు. ఇన్నిటికిని మూలమైన ప్రశ్న యొక్కటియే: వచ్చిన మృగమేది? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము శీఘ్రముగ దొరకకపోవుటవలన మనుష్యులకును, పశువులకును, నిరపరాధులగు మృగములకును నష్టము వాటిల్లుచున్నది. దానిని గూర్చి మేము నేడు కొంత విన్నవింపదలచితిమి.

2022వ సంవత్సరము మే మాసాంతమున కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలమందలి గ్రామములలో పశువులు హతమగుచుండెను. పులుల నెఱుగని మెట్టసీమ యది. చంపినది పెద్దపులియని తొలుత నమ్మినవారికంటె నమ్మనివారే యెక్కువ. అటవీశాఖవారు చెట్లకు ట్రాప్ కెమెరాలు కట్టగా, నిండు చారలతో పెద్దపులి చిత్రము పడినది. అది బోనునకు చిక్కక, కొన్ని వారములపాటు పల్లెలవారిని అధికారులను త్రిప్పి, ఉత్తరదిశగా సాగిపోయినది. ఆ చిత్రము భయమును పోగొట్టలేదు. కాని భయమునకొక పేరు నిచ్చినది. పేరు తెలిసిన పిమ్మట ఏ వేళ తలుపు వేసికొనవలయునో, పశువుల నెచ్చట కట్టవలయునో ప్రజలకు తెలిసినది. ఊహకును ఎఱుకకును గల భేద మిదియే.

ఈ ట్రాప్ కెమెరా పనిచేయు తీరు సులభమైనది. ఎదుట వెచ్చని దేహమేదైన కదలినచో, ఆ వేడిమి మార్పును యంత్రము గుర్తించి తనంత తానే చిత్రము తీయును. రాత్రివేళ కంటికి కనబడని పరారుణ కాంతి నుపయోగించును. అందువలన రాత్రి చిత్రములు నలుపు తెలుపులుగనే యుండును. పసుపు, గోధుమ, బూడిద వన్నెలన్నియు ఒక్కటిగనే తోచును. కటకమునకు చేరువగ నడచిన పిల్లి, దూరముననున్న చిఱుతయంత అగపడును. తోక చిత్రపుటంచున తెగిపోవచ్చును. తల పొద చాటున నుండవచ్చును. అబద్ధమాడుట యంత్రమెఱుగదు గాని, అది చెప్పిన సత్యమును మనము తప్పుగ చదువుట సుకరము.

కనుకనే చదువుటయందు కొన్ని నియమములు గలవు. మొదటిది కొలత. మృగము నిలిచిన చోటనే కొలబద్దను నిలిపి, అదే కెమెరాతో మరల చిత్రము తీసి సరిపోల్చినచో, చిఱుతయో అడవిపిల్లియో చాలవఱకు తేలిపోవును. రెండవది తోక. చిఱుత తోక పొడవైనది. అడవిపిల్లి తోక పొట్టిది, కొసయందు నల్లని వలయములు గలది. మూడవది వీపు. దుమ్ములగొండి ముందుకాళ్లు పొడవు, వెనుకకాళ్లు పొట్టి. వీపు వెనుకకు వాలియుండును, మెడపై జూలుండును. దానిని పులియనుట చారలను మాత్రము చూచి దేహమును చూడకపోవుటయే. నాలుగవది మచ్చలు. చిఱుత మచ్చలు గులాబిరేకులవలె గుంపులుగ నుండును. కోరంగి మడయడవులలో చేపలు వేటాడు నీటిపిల్లి మచ్చలు చిన్నవై వరుసలు తీఱియుండును. చట్టము మొదటి పట్టికలో చేర్చి కాపాడుచున్న ఆ నీటిపిల్లిని చిఱుతపిల్ల యని భ్రమించి కొట్టి చంపుట కంటె విచారకరమైన పొరపాటు వేఱేమి?

మఱియొక హెచ్చరికయు నవసరము. పశుకళేబరమువద్ద కట్టిన కెమెరా తినుటకు వచ్చినవానిని చూపును గాని, చంపినవానిని చూపదు. దుమ్ములగొండి యొరులు చంపినదానిని తినుటకు వచ్చునది. దాని చిత్రము పడినంతమాత్రమున హంతక యదియే యనుట న్యాయము కాదు. అట్లే, చిత్రము పడకపోయినంతమాత్రమున మృగమే లేదనుటయు సత్యము కాదు.

పామరులే భ్రమపడుదురు, పండితులు భ్రమపడరని యెవరును తలంపరాదు. బోర్నియో ద్వీపమునందలి కయాన్ మెంతరాంగ్ జాతీయవనములో 2003వ సంవత్సరమున ట్రాప్ కెమెరాకు ఎఱ్ఱని దేహమును పొడవైన తోకయు గల జంతువొకటి చిక్కినది. ఆ ప్రాంతపు జంతువుల నెఱిగినవారికి చూపగా వారును ఆనవాలు పట్టలేకపోయిరి. 2005 డిసెంబరులో ప్రపంచ వన్యప్రాణి నిధివారు అది శాస్త్రమెఱుగని క్రొత్త మాంసాహారి కావచ్చునని ప్రకటింపగా లోకమంతయు ఆశ్చర్యపడినది. 2006లో ఎరిక్ మెయ్యార్డు మున్నగు శాస్త్రజ్ఞులు అవే చిత్రములను పరిశీలించి, అది క్రొత్త మాంసాహారి కాదనియు, అరుదుగ కనబడు ఎగిరెడు ఉడుతయే కావచ్చుననియు తేల్చిరి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 2007లో వేటగాడొకని కెమెరాకు చిక్కిన వింతరూపమును వానరమానవుడని కొందఱు చాటగా, గజ్జి పట్టి రోమములూడిన ఎలుగుబంటియని అచ్చటి వేటశాఖవారు చెప్పిరి. వింతను కోరువానికి వింతయే కనబడును. ఎఱిగిన మృగములన్నిటిని ఒక్కొక్కటిగ త్రోసిపుచ్చిన పిమ్మట గదా ఎఱుగనిదానిని తలపవలసినది!

ఈ విద్య మనదేశమునకు క్రొత్త కాదు. అటవీశాఖోద్యోగియైన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ దారమునకు తగిలిన పులి తన చిత్రమును తానే తీసికొనునట్లు చేసి, 1927లోనే ఆ చిత్రములను గ్రంథముగ వెలువరించెను. ఏ రెండు పులుల చారలును ఒక్కతీరుగ నుండవు. ఒకే పులికి కుడిప్రక్క చారలు వేఱు, ఎడమప్రక్క చారలు వేఱు. ఇందువలననే బాటకు ఇరుప్రక్కల రెండు కెమెరాలు కట్టుదురు. కర్ణాటకమందలి నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ గారు ఈ చారల నాధారముగ గొని పులులను శాస్త్రీయముగ లెక్కించు పద్ధతిని నెలకొల్పి, 1995లో ప్రకటించిరి. అడుగుజాడలనే నమ్మిన పూర్వపు లెక్కల గతి యేమైనదో సరిస్కాయే సాక్షి: లెక్కలలో పులులుండగా, 2005లో ఆ యడవియందు ఒక్క పులియు లేదని తేలినది. 2018వ సంవత్సరపు గణనయందు 26,838 చోట్ల కెమెరాలు నిలుపగా మూడుకోట్ల నలుబదియెనిమిది లక్షలకు పైగా చిత్రములు పడినవి. అందు పులుల చిత్రములు 76,651, చిఱుతలవి 51,777 మాత్రమే. ఇంతటి యంత్రబలము, ఇంతమంది నిపుణులు గల దేశమున, ఒక గ్రామస్థుడు తెచ్చిన ఒక్క చిత్రమునకు సమాధానము చెప్పుటకు దినములు పట్టుట యేల?

2023 ఆగస్టులో తిరుమల కాలినడక దారియందు ఆఱేండ్ల బాలిక మృగమువాతబడిన ఘోరమును ఆంధ్రులు మఱువలేదు. తొలుత అది చిఱుతయా ఎలుగుబంటియా యను సందేహమే కలిగినది. పిమ్మట కెమెరాలును బోనులును పెట్టి పలు చిఱుతలను పట్టిరి. అంతట రెండవ ప్రశ్న పుట్టినది: వీనిలో దోషి యేది? ఏ చిఱుతయో పట్టి బోనున వేసి, అపాయము తీఱినదని ప్రజలను నమ్మించినచో, అసలు దోషి దారిప్రక్కనే మిగిలిపోవచ్చును. జాతిని గుర్తించుట చాలదు, వ్యక్తిని గుర్తింపవలయును. మచ్చలును చారలును ఇందుకే యుపయోగపడును.

ఇక ప్రభుత్వము చేయవలసిన పనులు స్పష్టము. రైతు తెచ్చిన చిత్రమును చూడకయే అది కుక్క యనియో నక్క యనియో కొట్టివేయు వాడుక మానవలయును. ప్రతి జిల్లాయందును చిత్రములను పరీక్షించు నిపుణు నొకనిని నియమించి, ఒక్క దినములో సమాధాన మొసగవలయును. ఆ సమాధానమును చిత్రముతోడను, కొలతతోడను గ్రామచావడియందు ప్రకటింపవలయును. తెలియనిచో తెలియదనియే చెప్పవలయును. అట్లు చెప్పిన యధికారి మాటను రేపు తెలిసినదని చెప్పునప్పుడు ప్రజలు నమ్ముదురు. నల్లమలలో అడవికాపుదలకు తోడ్పడుచున్న చెంచుల జాడల యెఱుకను యంత్రముతో జోడింపవలయును. అన్నిటికంటె ముఖ్యముగ, చంపినది వన్యమృగమని తేలిన వెంటనే పశువు వెల చెల్లింపవలయును. పరిహారము నెలల తరబడి నిలిచిపోయినచోట రైతు చేయి విషమువైపునకో, విద్యుత్తీగెవైపునకో పోవును. ఆ తీగె మృగమును, మనుష్యుని వేఱుచేసి చూడదు.

ప్రజలకును మా మనవి యొకటి. కళేబరమును కదల్పకుడు; అడుగుజాడ కనబడినచో దానిపై తట్ట బోర్లించి కాపాడుడు; చిత్రము తీసినచో ప్రక్కనున్న గట్టునో, రాతినో కొలతకై చేర్చి తీయుడు. వేఱొక దేశపు చిత్రమునో, కంప్యూటరు కల్పించిన చిత్రమునో మన యూరిదని పంపుట వేడుక కాదు, ద్రోహము. అబద్ధపు పులి నాలుగుమారులు వచ్చిన యూరికి, నిజమైన పులి అయిదవమారు వచ్చినప్పుడు ఎవరును రారు. మృగము మనలను వెదకికొని వచ్చినను, మనము దాని యడవిలోనికి చొచ్చుకొనిపోయినను, ఇరువురును ఒకే నేలపై బ్రతుకవలసినవారమే. పేరు తెలియని శత్రువుపై పోరాడువాడు తన వారినే గాయపఱచుకొనును. కావున కఱ్ఱ యెత్తుటకు ముందు కన్ను విప్పి చూతము. మృగమేదో మొదట తెలిసికొందము.