నేతగాడి చిట్టా తూకానికి అమ్మకండి

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అని గొప్పగా చెప్పుకుంటాం. మొదటి బొంబాయిలో బట్టల మిల్లులు కట్టిన ససూన్ కుటుంబం గురించి లోకానికి తెలిసినంత, ఈ ఊరి నేతగాళ్ల గురించి మనకే తెలుసా?

ఆ కుటుంబ మూలపురుషుడు డేవిడ్ ససూన్ బాగ్దాద్ యూదుడు. అక్కడి పాలకుడి వేధింపులు తాళలేక ఊరు విడిచి, 1830ల తొలినాళ్లలో బొంబాయి చేరాడు. ఆయన వారసులు మిల్లులు పెట్టారు. ఆ ఇంటి సంపదలో చైనాకు అమ్మిన నల్లమందు సొమ్మూ ఉంది. ఈ మంచీ చెడూ ఇవాళ చరిత్రకారులు విప్పి చెప్పగలుగుతున్నారంటే, ఆ కుటుంబం ఉత్తరాలు, లెక్కలు జెరూసలేంలోని జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉండబట్టే.

మన దగ్గర? 1800లో నిజాం ఈ కడప సీమను ఈస్టిండియా కుంపిణీకి ధారపోశాడు. కుంపిణీ మగ్గం మీద కూడా మొహతర్ఫా పన్ను గుంజింది. తర్వాత మాంచెస్టర్ మిల్లు గుడ్డ సంతల్లోకి దిగింది. 1876–78 ధాత కరువు ఉన్నది ఊడ్చుకుపోయింది. ఇన్ని దెబ్బలకు తొగట, పద్మశాలి, దేవాంగ ఇళ్లలో ఏం తిన్నారు? ఎవరికి బాకీపడ్డారు? ఎక్కడికి వలసపోయారు? కరువుకు ముందే, 1875లో ఇంగ్లీషు అధికారి గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ దొర చూపు, నేతగాడి మాట కాదు.

పేదలు రాసిపెట్టుకోలేదు గదా అంటారు. నేనొప్పుకోను. నూలు అప్పుకు చీటీ ఉంటుంది. షావుకారుకు చిట్టా ఉంటుంది. ముసలమ్మల నోట పాటలుంటాయి. జమ్మలమడుగులో, పులివెందులలో, ప్రొద్దుటూరులో పాత ఇల్లు పడగొట్టి మేడ లేపేటప్పుడు, అటక మీది కాగితాలను పాత సామాన్ల బండికెత్తేది మనమే. తరాల బతుకును కిలోల లెక్కన అమ్ముకుని, ఆ తప్పును ఏ దొర నెత్తిన రుద్దుదాం?

1820లో కడపకొచ్చిన కుంపిణీ ఉద్యోగి బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టి తాటాకు గ్రంథాలు సేకరించాడు. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేర పరిశోధన కేంద్రం నడుస్తోంది. కవి తాటాకుకు దక్కిన గౌరవం నేతగాడి చిట్టాకెందుకు దక్కదు? బ్రౌన్ కేంద్రం, యోగి వేమన విశ్వవిద్యాలయం కలిసి నేత వీధుల్లోకి దిగాలి. చిట్టాలు, చీటీలు, చీరల నమూనాలు సేకరించాలి. గుంట మగ్గం మీద నడుం వంగిపోయిన పెద్దల మాటలు రికార్డు చేయాలి. ఆ ఖర్చు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల యజమానులు భరించాలి. గుళ్లకిచ్చే చందాలో పదోవంతు చాలు. నేత కుటుంబాల పిల్లలు తమ తాతల పేర్లను కుంపిణీ పన్నుల జాబితాల్లో వెతుక్కునే గతి పట్టకూడదు.