ప్రభుత్వ బడి కమిటీలో తల్లిదండ్రులదే మెజారిటీ.. మరి వారి పాత్ర సంతకం వరకేనా?

ప్రభుత్వ బడికి వచ్చే గ్రాంటు ఎంత? దేనికి ఖర్చు పెట్టారు? టాయిలెట్ల మరమ్మతు ముందా, క్లాస్‌రూమ్‌లో ఫ్యాన్లు ముందా? ఈ ప్రశ్నలు అడగాల్సింది అధికారులేనని చాలామంది అనుకుంటారు. కానీ చట్టం ఆ బాధ్యతను ముందుగా అప్పగించింది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులకు. అందుకోసమే ప్రతి ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ (ఎస్‌ఎంసీ) ఉండాలని చెప్పింది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ కమిటీలకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2024లో. తెలంగాణలో జనవరిలో, ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టులో. పదవీకాలం రెండేళ్లు. అంటే లెక్క ప్రకారం తెలంగాణ కమిటీల గడువు 2026 జనవరికి, ఏపీ కమిటీల గడువు అదే ఏడాది ఆగస్టుకు ముగుస్తుంది. ఈ నేపథ్యంలో అసలు ఈ కమిటీ ఏం చేయగలదు, ఎక్కడ ఆగిపోతోంది, తల్లిదండ్రులు ఏం అడగొచ్చు అన్నది చూద్దాం.

చట్టం ఏం చెబుతోంది?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం (ఆర్‌టీఈ)లోని సెక్షన్ 21 ప్రకారం ఎస్‌ఎంసీ ఏర్పాటు తప్పనిసరి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. అణగారిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఒక్కో తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. అయిదు తరగతులున్న ప్రాథమిక పాఠశాలైతే 15 మంది. వీరిలోంచే చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్ వస్తారు. హెడ్‌మాస్టర్ మెంబర్ కన్వీనర్‌గా ఉంటారు. అంటే కమిటీకి హెచ్‌ఎం అధ్యక్షుడు కాదు. సమావేశాన్ని పిలిచే బాధ్యత ఆయనది.

కమిటీకి చట్టం ప్రధానంగా మూడు పనులు అప్పగించింది. ఒకటి, బడి ఎలా నడుస్తోందో చూడటం. రెండు, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం. మూడు, ప్రభుత్వం నుంచి గానీ, స్థానిక సంస్థల నుంచి గానీ, ఇంకెక్కడి నుంచి గానీ వచ్చిన గ్రాంట్ల ఖర్చును పర్యవేక్షించడం. మధ్యాహ్న భోజనం నాణ్యత, వంటగది శుభ్రతను చూసే బాధ్యతనూ 2015 నాటి మధ్యాహ్న భోజన నిబంధనలు ఈ కమిటీకే ఇచ్చాయి.

అసలు డబ్బు ఎంత?

సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ పాఠశాలలకు ఏటా కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ ఉంటుంది. విద్యార్థుల సంఖ్యను బట్టి మొత్తం మారుతుంది.

- 30 మంది వరకు: రూ.10,000
- 31 నుంచి 100: రూ.25,000
- 101 నుంచి 250: రూ.50,000
- 251 నుంచి 1,000: రూ.75,000
- 1,000 దాటితే: రూ.1,00,000

ఇందులో కనీసం 10 శాతాన్ని పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లు, చిన్న మరమ్మతుల దాకా ఈ గ్రాంటే ఆధారం. 90 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చేది రూ.25,000. నెలకు చూస్తే దాదాపు రూ.2,080. ఇంత తక్కువ మొత్తం కాబట్టే ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడం ముఖ్యం. ఆ నిర్ణయం కమిటీ సమావేశంలో జరగాలి.

ఏపీలో మరో లెక్క కూడా ఉంది. 2025 జూన్‌లో మొదలైన 'తల్లికి వందనం' పథకంలో ఒక్కో విద్యార్థికి రూ.15,000 కేటాయించి, రూ.13,000 తల్లుల ఖాతాల్లో వేశారు. మిగిలిన రూ.2,000 పాఠశాలల నిర్వహణ, అభివృద్ధి కోసమని ప్రభుత్వం చెప్పింది. మా బడికి ఆ పద్దు కింద ఏం జరిగిందని అడగడం కమిటీ సభ్యుల పర్యవేక్షణ బాధ్యతలో భాగమే.

ఎక్కడ ఆగిపోతోంది?

మొదటి సమస్య ఎన్నికలే. తెలంగాణలో 2019 నవంబరులో ఎన్నికైన కమిటీల గడువు 2021లో ముగిసినా, మళ్లీ ఎన్నికలు జరిగింది 2024 జనవరిలోనే. ఏపీలోనూ 2021 సెప్టెంబరు తర్వాత 2024 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. గడువు పొడిగిస్తే కమిటీ కాగితం మీద కొనసాగుతుంది. కానీ ఈలోగా కొందరు సభ్యుల పిల్లలు ఆ బడి దాటి వెళ్లిపోతారు. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులకు ప్రాతినిధ్యం ఉండదు.

రెండోది, ఒకే బడికి రెండు కమిటీలు. తెలంగాణ ప్రభుత్వం 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలను ఏర్పాటు చేసింది. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు దీనికి చైర్‌పర్సన్, హెచ్‌ఎం మెంబర్ కన్వీనర్. తాగునీరు, టాయిలెట్లు, చిన్న మరమ్మతుల పనులు ఈ కమిటీలకు అప్పగించారు. పొదుపు సంఘాలకు లెక్కలు రాసే అలవాటు, బ్యాంకు లావాదేవీల అనుభవం ఉన్నాయి కాబట్టి పనులు వేగంగా జరుగుతాయన్న వాదనలో బలముంది. అయితే సమాఖ్య అధ్యక్షురాలిని ఎన్నుకునేది సంఘాల సభ్యులు, ఆ బడి తల్లిదండ్రులు కాదు. ఆమె పిల్లలు అక్కడే చదవాలన్న నియమమూ లేదు. పని ఒకరి చేతిలో, పర్యవేక్షణ మరొకరి చేతిలో ఉన్నప్పుడు తేడా వస్తే జవాబు చెప్పేదెవరన్నది తేలదు.

ఏపీ అనుభవం దీనికి భిన్నం. 2019లో మొదలైన 'నాడు-నేడు' తొలి దశలో 15 వేలకు పైగా పాఠశాలల్లో పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. ఏ ప్రభుత్వ పథకమన్న సంగతి పక్కన పెడితే, డబ్బు ఖాతాలోకి వచ్చినప్పుడు కమిటీ సమావేశాలకు ప్రాధాన్యం పెరుగుతుందని ఇది చూపించింది. ఖాతాలో డబ్బు లేనప్పుడు అదే కమిటీ రిజిస్టర్‌లో సంతకాలకు పరిమితమయ్యే ప్రమాదం ఉంది.

మూడోది, మెగా పీటీఎంతో కలిపి చూడటం. ఏపీలో 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రవ్యాప్తంగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు భారీగా జరిగాయి. అవి మంచివే. కానీ పీటీఎంలో మాట్లాడేది మీ పిల్లల మార్కుల గురించి. ఎస్‌ఎంసీలో తీర్మానం చేసేది బడి డబ్బు, బడి ప్రణాళిక గురించి. మొదటిది రెండోదానికి బదులు కాదు.

తల్లిదండ్రులు ఏం అడగొచ్చు?

మినిట్స్ చూపించమనండి. కేంద్రం రూపొందించిన ఆర్‌టీఈ నమూనా నిబంధనల ప్రకారం కమిటీ నెలకోసారైనా సమావేశం కావాలి. చర్చల వివరాలు రాసి, ప్రజలకు అందుబాటులో ఉంచాలి. డబ్బుకు ప్రత్యేక ఖాతా, ఏటా ఆడిట్ ఉండాలి. ఖాళీ పేజీలో ముందే సంతకం చేయమంటే చేయకండి. తీర్మానం రాశాక, చదివాకే చేయండి.

ప్రణాళిక ఎప్పుడు రాస్తున్నారో అడగండి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు చివరికల్లా ప్రణాళిక సిద్ధం కావాలి. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఈ ప్రణాళికే ఆధారమని సెక్షన్ 22 చెబుతోంది. ప్రహరీ గోడ, అదనపు గది కావాలని జూన్‌లో అడిగితే ఆలస్యమైనట్టే.

స్పందన లేకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పిల్లల విద్యాహక్కుకు సంబంధించిన ఫిర్యాదును స్థానిక సంస్థ మూడు నెలల్లో పరిష్కరించాలని సెక్షన్ 32 చెబుతోంది. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఖర్చుల వివరాలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు.

మా పిల్లలు ప్రైవేటు స్కూల్‌లో.. మాకేంటి?

ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు పాఠశాలలకు సెక్షన్ 21 వర్తించదు. ఎయిడెడ్ పాఠశాలల్లో కమిటీ ఉన్నా, 2012 సవరణ తర్వాత దానిది సలహా పాత్రే. అందుకే నగరాల్లో లక్షల్లో ఫీజు కడుతున్న తల్లిదండ్రులకు కూడా బడి లెక్కలు అడిగే విషయంలో ప్రభుత్వ బడి తల్లికి ఉన్నంత చట్టబద్ధమైన అధికారం లేదు. ఫీజుల పెంపుపై పోరాటం ఏటా స్కూల్ గేటు బయటో, కోర్టులోనో జరగడానికి ఇదో కారణం.

ప్రభుత్వ బడి తల్లిదండ్రులకు ఆ హక్కు పదిహేనేళ్లకు పైగా చట్టంలో ఉంది. అది పనిచేయాలంటే ప్రభుత్వాలు చేయాల్సినవి రెండు: గడువు ముగిసిన వెంటనే ఎన్నికలు జరపడం, బడికి వచ్చే ప్రతి రూపాయి లెక్కనూ ఎన్నికైన కమిటీ ముందు పెట్టడం. తల్లిదండ్రులు చేయాల్సింది ఒకటి. ఈసారి ఎస్‌ఎంసీ ఎన్నికల నోటీసు బడి గోడపై కనిపించినప్పుడు, ఒక పూట వీలు చేసుకుని వెళ్లి ఓటు వేయడం.