ఇసుక మీది రాయి

రామసేతువు మీది రాళ్ల వయసు ఏడు వేల ఏళ్లట, వాటి కింది ఇసుకది నాలుగు వేలేనట. 2017 డిసెంబరులో ఒక అమెరికన్ టీవీ ఛానల్ ప్రచార వీడియోలో వినిపించిన ఈ మాట అప్పటినుంచి ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు ఎక్కుతూనే ఉంది. కొత్త ఇసుక మీద పాత రాయి ఉందంటే ఎవరో మోసుకొచ్చి పెట్టారన్నమాట. ఎవరో అంటే ఇంకెవరు, వానరులే! పంపేవాళ్లకు తోచని చిక్కు ఒకటుంది. పంచాంగం లెక్కన ద్వాపరమే 8,64,000 ఏళ్లు. అదీ, కలిలో గడిచిన ఐదు వేల చిల్లరా దాటి వెనక్కి వెళ్తేగాని త్రేతాయుగం తోక కూడా దొరకదు. రాయి లెక్క నిలిస్తే పంచాంగం కూలుతుంది, పంచాంగం నిలిస్తే రాయి సాక్ష్యం చెల్లదు.

యుగాల గొడవ వదిలేసి రాయి సంగతే చూద్దాం. కింది పొర ముందు పడింది, పై పొర తర్వాత పడింది అన్న సూత్రాన్ని నికొలస్ స్టెనో 1669లో అచ్చువేశాడు. ఆయన తర్వాత బిషప్ అయ్యాడు కాబట్టి ఇది నాస్తికుల కుట్ర అనడానికీ వీల్లేదు. అయితే ఆ సూత్రం పొరలకే గాని, వాటిలోకి కొట్టుకొచ్చిన ముక్కలకు కాదు. బనగానపల్లె ప్రాంతంలో గులకరాళ్లు అతుక్కుపోయి గట్టిపడిన రాతిపొర ఉంది. పూర్వం దాన్ని తవ్వే వజ్రాలు తీశారు. అందులోని గులకరాయి అంచులు అరిగి నున్నగా ఉంటాయి. ఎక్కడో పాత కొండ విరిగితే, ఆ ముక్క నీళ్లలో దొర్లి దొర్లి అక్కడ ఆగింది. అది పుట్టిన కాలం వేరు, చేరిన కాలం వేరు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. కాలి కింద నిన్నమొన్నటి మట్టి, అందులో మెరిసేది వంద కోట్ల ఏళ్లు దాటిన రాయి. అక్కడ దాన్ని ఏ వానరుడు పెట్టాడని ఎవరూ అడగరు. సేతువు దగ్గరా అంతే. ధనుష్కోటికీ తలైమన్నార్‌కూ నడుమ ఇసుక తిన్నెలున్నాయి, రామేశ్వరం ఒడ్డున నీటిపైకి తేలి ఎండిన పాత పగడపు గట్లున్నాయి. అలాంటి గట్టు నుంచి విరిగిన పెళ్ల కొత్త తిన్నె మీద పడిందనుకోండి, పరీక్షలో తేలేది ఆ పగడం ఎప్పుడు చచ్చిందన్నదే, తిన్నె మీదికి ఎప్పుడొచ్చిందన్నది కాదు. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి రైలునే మింగిన సముద్రానికి ఒక పెళ్లను మొయ్యడానికి సాయం కావాలా?

శాస్త్రవేత్తలు చెప్పే వయసులూ అంచనాలే కదా అంటారు కొందరు. ఏళ్ల లెక్కకు యంత్రం కావాలి, నిజమే. ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి చాలాసార్లు కళ్లు చాలు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన గ్రానైటు మీద, ఇసుక గట్టిపడి రాయైన క్వార్ట్జైట్ పొరలు కనిపిస్తాయి. గ్రానైటు భూమి లోపల లోతున గడ్డకట్టే రాయి. పైనున్నదంతా అరిగి అది బయటపడితేనే దాని మీద ఇసుక పరుచుకోగలదు. మధ్యలో కోట్ల ఏళ్లు ఖాళీ. కొండ బస్సులు ఆ ఖాళీ పక్కనుంచే పోతుంటాయి. సేతువును మనుషులో వానరులో కట్టారని తేల్చాలంటే కూడా చూడాల్సింది ఇలాగే, దగ్గరికి వెళ్లి: రాతి మీద పనిముట్టు గాటు ఉందా, పేర్చిన వరస ఉందా, ఇసుక కింద పునాది ఉందా అని. ఆ వీడియో చూపించింది అంతరిక్షం నుంచి తీసిన ఫొటోని.