పీట ఎక్కడ వేశారు?

వంటింట్లో పొయ్యి ఒక మూల, పోపులపెట్టె మరో మూల ఉంటే ఏమవుతుంది? కూర రుచేం మారదు. వండే మనిషి కాళ్లు పీకుతాయి, అంతే. ఫ్యాక్టరీల భాషలో ఈ సర్దుబాటునే లేఅవుట్ అంటారు... ఏ యంత్రం ఎక్కడుండాలి, సరుకు ఏ దారిన నడవాలి అని ముందే గీసుకునే పటమన్నమాట. దీనికి తోబుట్టువు జాబ్ డిజైన్. ఎవరు ఎంతవరకు చేయాలి, దేనికి జవాబు చెప్పాలి అన్న లెక్క. ఎంబీఏ పుస్తకాల్లో రెండూ వేర్వేరు పాఠాలు. పని చేసేవాళ్లకు మాత్రం రెండూ ఒక్కటే!

ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనే కలిసుండి, 2016 అక్టోబరులో వేరుపడ్డ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఈ పాఠానికి మంచి ఉదాహరణలు.

జనగామ పక్కనే పెంబర్తి. ఇత్తడి పనికి పెట్టింది పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ధ్వజస్తంభాల తొడుగులు, గుడి తలుపులు, దేవుడి వాహనాలు, జ్ఞాపికలు... అన్నీ రేకు మీద సుత్తి, ఉలి ఆడించి తీసేవే. రేకును కాల్చి మెత్తబరచాలి. లక్క మీద పరిచి, వెనకవైపు నుంచి కొట్టి బొమ్మను ఉబికించాలి. మళ్లీ ముందువైపు తిప్పి గీతలకు పదును పెట్టాలి. ఆ తర్వాత శుభ్రం చేసి మెరుగు పెట్టాలి. ఇక్కడ లేఅవుట్ అంటే పీట చుట్టూ చెయ్యి చాస్తే అందే దూరమే. ఏ ఉలి ఎక్కడుందో కంటితో వెతకనక్కర్లేదు. పైగా ఎక్కడ దెబ్బ గట్టిగా పడిందో, ఎక్కడ రేకు పలచబడిందో కొట్టిన చేతికి తెలుసు. సరిచేసేదీ ఆ చెయ్యే.

అలాగని ఈ పద్ధతిలో లోటు లేదనలేం. నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆర్డరు పెద్దదైతే చేతులు చాలవు. ఒకరు గీసి, ఒకరు కొట్టి, మరొకరు మెరుగు పెడితే సరుకు త్వరగా తెములుతుంది, నిజమే. కానీ జీవితాంతం మెరుగు మాత్రమే పెట్టే కుర్రాడు పనివాడు అవుతాడేమోగానీ, పెంబర్తి శిల్పి కాగలడా?

పనిని ముక్కలు చేయడంలో ప్రపంచానికి దారి చూపింది హెన్రీ ఫోర్డ్. 1913లో కారు చట్రం బిగించడానికి పట్టే పన్నెండున్నర గంటలు, కదిలే వరస పెట్టాక గంటన్నరకు దిగాయి. అదే ఏడాది జనం పని మానేసి పోతుంటే ఆపలేక, 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాల్సొచ్చింది. విసుగుకు వెల అన్నమాట!

మహబూబాబాద్, కేసముద్రం మార్కెట్ యార్డుల్లో ఇంకో తీరు. బస్తాలు దించేది హమాలీ, కాంటా వేసేది దడవాయి, నేల మీది గింజలు ఊడ్చి చెరిగేది చాటకూలీ, కొనేది ఖరీదుదారు. ఎవరి పని వారిదే. ఒకచోట ఆలస్యమైతే వెనకున్న రాశులన్నీ ఆగిపోతాయి. వేలానికీ కాంటాకూ మధ్య వాన పడిందనుకోండి... ఆ కాసేపు సరుకు ఎవరి బాధ్యత? రైతు టార్పాలిన్ కోసం పరుగెత్తడమే.

పంచుకున్న పనుల మధ్య మిగిలే ఈ ఖాళీ గురించే, బొగ్గుగని నుంచి ఒక పెద్ద సిద్ధాంతం పుట్టింది. బ్రిటన్‌లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ 1951లో లాంగ్‌వాల్ గనుల మీద వ్యాసం రాశారు. బామ్‌ఫోర్త్ స్వయంగా గనిలో పనిచేసి వచ్చినవాడు. పూర్వం చిన్న జట్టు బొగ్గు తవ్వి, ఎత్తి, పైకప్పుకు దిమ్మెలు కూడా తానే పెట్టుకునేది. యంత్రాలు వచ్చాక పని మూడు షిఫ్టులుగా చీలింది. ఒక షిఫ్టు కోస్తుంది, ఇంకోటి సాగేందుకు దారి చేస్తుంది, మరోటి ఎత్తుతుంది. ముందువాళ్లు సగంలో వదిలింది వెనకవాళ్ల నెత్తిన పడేది. తప్పు మాత్రం ఎవరిదీ కాదు. గొడవలు, గైర్హాజరు పెరిగాయి. తర్వాతి పరిశోధనలో, అవే యంత్రాలతో జట్టు అన్ని పనులనూ కలిపి పంచుకున్నచోట గైర్హాజరు 8 శాతం, విడివిడిగా చేసినచోట 20 శాతం తేలింది. యంత్రం మారలేదు, పనుల పంపకమే మారింది.

భూపాలపల్లిలోని సింగరేణి కేటీకే గనులకూ ఈ కథ పరాయిది కాదు. ఫ్యాక్టరీలో సరుకు కదులుతుంది, గనిలో పనిచోటే కదులుతుంది. బొగ్గు తీసేకొద్దీ ముఖం ముందుకు జరుగుతుంది. దాని వెనకే బెల్టు, గాలి, కరెంటు, పైకప్పు ఊతం అన్నీ జరగాలి. ఒకప్పుడు సింగరేణిలో తట్టా చెమ్మస్‌తో టబ్బు నింపిన ఫిల్లరుకు తన కూలి తన లెక్కలోనే ఉండేది... ఎన్ని టబ్బులైతే అంత. ఆ నడుం నొప్పి ఎవరికీ రాకూడదు, యంత్రం రావడం మంచిదే. అయితే ఎస్‌డీఎల్ నడిపేవాడి టన్నులు అతని చేతిలో మాత్రమే ఉండవు. బోల్టు వేసేవాళ్లు, బ్లాస్టింగ్ చేసేవాళ్లు, బెల్టు చూసేవాళ్లు... ఒకరు ఆగితే అతనూ ఆగాల్సిందే.

అందుకే షిఫ్టు మారే సమయానికి అంత విలువ. దిగిపోయే సర్దారు తన జిల్లాలో (గనిలో ఒక భాగాన్ని అలాగే పిలుస్తారు) పైకప్పు ఎలా ఉంది, గాలి ఎలా ఉంది, ఏది సగంలో ఉంది అన్నది రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. వచ్చే సర్దారు అది చదివాకే మనుషులను లోపలికి పంపుతాడు.