మత్తు ఇచ్చే ముందు గుండె పరీక్ష తప్పనిసరి

పుట్టుచెవుడు ఉన్న బిడ్డకు ఆపరేషను చేయిస్తే వినిపిస్తుందని డాక్టరు చెప్పినప్పుడు ఆ తల్లిదండ్రుల ఆనందానికి హద్దుండదు. లక్షలు ఖర్చయ్యే కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషను, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని పేద ఇళ్లకూ అందింది. ఇది హర్షించదగ్గ విషయం. అయితే బిడ్డను ఆపరేషను బల్ల ఎక్కించే ముందు ఒక చిన్న పరీక్ష విషయంలో అశ్రద్ధ పనికిరాదు. అదే ఇ.సి.జి.

చెవి ఆపరేషనుకు గుండె పరీక్ష ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కారణముంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లల్లో ఏ కొద్దిమందికో గుండె జబ్బు కూడా దానితోపాటే పుడుతుంది. 1957లో నార్వే దేశంలో జెర్వెల్, లాంగె-నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కుటుంబం సంగతి లోకానికి తెలియజేశారు. తల్లిదండ్రులకు వినికిడి బాగానే ఉంది. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టుచెవుడు. ఆ నలుగురూ ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయేవారు. వారిలో ముగ్గురు చిన్నతనంలోనే హఠాత్తుగా చనిపోయారు. ఆ జబ్బుకు ఆ డాక్టర్ల పేరే నిలిచింది.

ఈ జబ్బులో గుండెకు చిల్లు ఉండదు. స్టెతస్కోపు పెట్టి విన్నా తేడా తెలియదు. గుండెను నడిపించే విద్యుత్తులోనే లోపం. ఒకసారి కొట్టుకున్న గుండె మళ్లీ సిద్ధం కావడానికి మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. బాగా భయపడినా, పరుగెత్తినా, కొన్ని మందులు పడినా లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషను గదిలో భయమూ, మందులూ రెండూ ఒక్కచోట చేరతాయి. కొన్ని మత్తుమందులు, వాంతులు ఆపే కొన్ని మందులు కూడా ఈ సమయాన్ని ఇంకా పెంచుతాయి.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులూ కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాలు, అక్క కూతుళ్లను చేసుకోవడం మనకు అలవాటు. ఒకే రక్తం కనుక ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఈ జబ్బు అరుదైనదే అయినా మనం ఏమరుపాటుగా ఉండరాదు.

విచారకరమైన సంగతి మరొకటి ఉంది. బిడ్డ పడిపోతున్నాడంటే ఆపరేషను వాయిదా వేస్తారేమోనని, నలుగురికీ తెలిస్తే పెద్దపిల్ల పెళ్లికి అడ్డమని దాచేవారున్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకునేవారూ ఉన్నారు. ఇ.సి.జి. తీయకుండానే మూర్ఛ అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగించడమూ జరుగుతుంది. మత్తు డాక్టరు దగ్గర దాచిన మాట బిడ్డ ప్రాణానికే ముప్పు. ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవారుంటే అదీ చెప్పాలి.

ఇది ఆపరేషను మానుకోమని చెప్పడం కాదు. జబ్బు ముందే తెలిస్తే డాక్టర్లు గుండె లయను కాపాడే మందు మొదలుపెడతారు. హాని చేసే మందులు వాడరు. బిడ్డ బెదరకుండా చూస్తారు. గుండె లయ తప్పితే కరెంటు షాకుతో సరిచేసే యంత్రం పక్కనే సిద్ధంగా ఉంచుకుంటారు. అలా జాగ్రత్త పడితే ఈ పిల్లలకూ ఇంప్లాంటు పెట్టవచ్చు. తెలియకపోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

పెద్దాసుపత్రిలో అన్నీ వారే చూసుకుంటారు కదా అనుకోవద్దు. చెయ్యి విరిగినా, గడ్డ లేచినా ఇదే బిడ్డకు దగ్గరలోని చిన్న ఆసుపత్రిలోనే మత్తు ఇస్తారు. కనుక బిడ్డకు చెవుడని తేలిన రోజునే ఇ.సి.జి. తీయించాలి. నొప్పి లేని పరీక్ష, కొద్ది నిమిషాల పని. ఆ కాగితాన్ని రేషను కార్డులా భద్రపరచి, ప్రతి డాక్టరుకూ చూపాలి.

వైద్యాధికారులు కూడా వినికిడి పరీక్షల శిబిరాల్లోనే ఇ.సి.జి. తీయించి, దాని కొలతలు తెలిసిన డాక్టరుచేత చూపించే ఏర్పాటు చేయాలి. బిడ్డకు మాటలు రావాలని ఆసుపత్రికి తీసుకెళ్లే తల్లి, ఆ బిడ్డ నోట ‘అమ్మా’ అనే పిలుపు వినాలి.