బల్ల మనిషికా, మనిషి బల్లకా?

దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ 1956లో కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో పని మొదలుపెట్టింది. నేడు అదే నగరంలోని సాల్ట్‌లేక్ సెక్టార్-5 ఐటీ కార్యాలయాల్లో వేలాది మంది రోజంతా తెర ముందే కూర్చుంటున్నారు. మెడ, నడుము నొప్పులంటే వారికి అందే సలహా ఒక్కటే: ‘నిటారుగా కూర్చోండి’. తప్పంతా మనిషిదే అనే సలహా ఇది.

మామూలు ఆఫీసు బల్ల ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు. ఐదడుగుల ఉద్యోగిని కుర్చీని దించుకుంటే భుజాలు పైకెత్తి టైపు చేయాలి. పెంచుకుంటే పాదాలు నేలకు ఆనవు, తొడల కింద ఒత్తిడి పడుతుంది. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు కలిసే ఉంటాయి. చేతులకు అనువుగా పెడితే మెడ వంగుతుంది, కళ్లకు అనువుగా పెడితే చేతులు లేస్తాయి. ఎంత నిటారుగా కూర్చున్నా ఈ లెక్క మారదు.

భారతీయుల శరీర కొలతలు లేకపోలేదు. దేబ్‌కుమార్ చక్రబర్తి రూపొందించిన కొలతల గ్రంథాన్ని అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ 1997లోనే ప్రచురించింది. కలకత్తా విశ్వవిద్యాలయ శరీరధర్మశాస్త్ర విభాగంలో ఎర్గోనామిక్స్ పరిశోధన జరుగుతోంది. లోపం కొనుగోలు దగ్గర ఉంది. అందరికీ ఒకే కొలత బల్లలు కొంటే సంస్థకు డబ్బు మిగలవచ్చు, ఆ భారం మోసేది ఉద్యోగి వెన్ను.

ఎత్తు మార్చుకునే బల్లలు అందరికీ కొనలేకపోవచ్చు. కాళ్ల కింద పీట, విడి కీబోర్డు, ల్యాప్‌టాప్ కింద స్టాండు మాత్రం పెద్ద ఖర్చు కావు. వీటిని ఉద్యోగి అడిగి తెచ్చుకునే సౌకర్యంగా కాక, కంప్యూటర్‌తో పాటే ఇవ్వాల్సిన పనిముట్లుగా యాజమాన్యాలు చూడాలి.