మిరియాల కషాయం పోసి సూది మానేయమనే పెద్దమనుషులకు

మన గ్రూపుల్లో వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి పోస్తే గేదె పొదుగువాపుకి యాంటీబయాటిక్ అక్కర్లేదంట, కంపెనీలు ఈ నిజం దాస్తున్నాయంట. దాచిందెవరండీ? మన ప్రభుత్వ ల్యాబే బయటపెట్టింది కదా!

జమ్మూలో సీఎస్ఐఆర్ వాళ్ల పరిశోధన సంస్థ ఉంది. ఆయుర్వేదంలో చాలా మందుల్లో ఈ త్రికటు ఎందుకు కలుపుతారా అని అక్కడి అటల్ గారు 1970ల్లోనే ఆరా తీశారు. తేలిందేంటంటే, మిరియం ఘాటుకి కారణమైన పైపరిన్ తోటి మందుని ఒంటికి ఎక్కువ ఎక్కనిస్తుంది. ఆ దారిలోనే క్షయ రోగానికి కాడిలా కంపెనీతో కలిసి రిసోరిన్ అనే మందు 2009లో తెచ్చారు. మామూలుగా 450 మిల్లీగ్రాములు వేసే రిఫాంపిసిన్ అందులో 200. పైపరిన్ 10. ఐసోనియాజిడ్ 300 అలాగే ఉంది. చూశారా, యాంటీబయాటిక్ తగ్గిందే గానీ పోలేదు. ఎంత తగ్గించాలో కూడా మనుషుల మీద పరీక్షించి తేల్చారు, రోట్లో చూసి కాదు.

మనం పిచికారీ ట్యాంకులో జిగురు మందు కలుపుతాం. మందు ఆకుని పట్టుకుంటుంది. జిగురొక్కటే కొడితే పురుగు చస్తుందా?

ఇంకో సంగతి. పొదుగువాపు తెచ్చే సూక్ష్మజీవుల్లో స్టాఫైలోకాకస్ ఒకటి. దానికి లోపలికొచ్చిన మందుని బయటికి తోడేసే పంపు ఉంటుంది, మన బావి మోటారులాగే. పైపరిన్ ఆ మోటారుకి అడ్డం పడి సిప్రోఫ్లాక్సాసిన్‌కి బలమిస్తుందని ల్యాబులో చూపించారు. గాజు గిన్నెలో. గేదె నాలుగు అరల పొట్ట దాటి పొదుగుదాకా అంతే పని చేస్తుందని ఈ మెసేజ్ రాసినాయన కొలిచాడా?

అసలు నష్టం ఎక్కడంటే, రెండు సూదులు పడి వాపు కాస్త తగ్గగానే "ఇక కషాయం చాలు" అని కోర్సు ఆపేస్తున్నారు. చావగా మిగిలినవి మొండివి. 1987లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో శనగపచ్చ పురుగు ఏం చేసిందో పెద్దవాళ్లనడగండి. కొట్టిందే కొట్టి దాన్ని మొండి చేసింది మనమే. ఇప్పుడదే పొదుగులో, రేపు మన పిల్లల ఒంట్లో. కోళ్లకీ పశువులకీ కోలిస్టిన్ వాడొద్దని కేంద్రం 2019లో నిషేధించింది ఊరికే కాదు.

మనుషులకీ జాగ్రత్త. చారులో మిరియం సంగతి కాదు నేనంటోంది, గుళికలూ చిక్కటి కషాయాల సంగతి. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్‌నీ, ఆయాసానికి వాడే థియోఫిలిన్‌నీ పైపరిన్ రక్తంలో పెంచుతుంది. ఫెనిటాయిన్ మోతాదు మించితే మనిషి తూలిపోతాడు.

"అమ్మమ్మ వైద్యం" అని నవ్వే డాక్టర్లదీ నాకు నచ్చదు. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీని మనమే అడుగుదాం. పైపరిన్ కలిపితే సూది ఎంత తగ్గించొచ్చు, పాలు ఎన్నాళ్లు పారబోయాలి? ఆ లెక్క కాగితం మీద ఇస్తే మా ఇంట్లో మొదట నూరేది నేనే. అప్పటిదాకా ఆ మెసేజ్ మన గ్రూపులో పెట్టొద్దు, పెట్టినవాళ్లు తీసేయండి.